తీర్పులకు తూకం వేసిన తెలుగు జడ్జి
అప్పీలు ఎలా వినాలో దేశానికి చెప్పిన కోకా సుబ్బారావు

రాయపురం (చెన్నై): రాయపురం పెద్దవాళ్లను కదిపితే ఆళవందార్ కేసు ఇప్పటికీ కథలాగా చెబుతారు. 1952 ఆగస్టు ఆఖరులో జరిగిన హత్య అది. సిమెట్రీ రోడ్డులోని ఓ ఇంట్లో మనిషిని చంపేశారు. మొండేన్ని ట్రంకుపెట్టెలో పెట్టి రైలెక్కించేశారు. మానామదురైలో కంపు కొడుతోందని పెట్టె తెరిస్తే గుట్టు బయటపడింది. తల మాత్రం రాయపురం సముద్రం ఒడ్డున దొరికింది. భార్యతో పాత పరిచయం, భర్తకు ఆవేశం.. కేసు సారాంశం ఇదీ. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎ.ఎస్.పంచాపకేశ అయ్యర్ విచారించారు. ఉరి పడుతుందని అనుకున్నవాళ్లు చాలామందే. కానీ భర్తకు ఏడేళ్లు, భార్యకు మూడేళ్లతో సరిపోయింది. శిక్ష సరిపోయిందా, తక్కువైందా అన్న వాదన అప్పుడు వీధి వీధినా సాగింది.

ఆ రోజుల్లో అదే ఎర్రటి హైకోర్టు భవనంలో ఓ తెలుగు న్యాయమూర్తి కూర్చునేవారు. ఈ కేసు విచారించింది ఆయన కాదు. కానీ ఎనిమిదేళ్ల తర్వాత సరిగ్గా ఇలాంటి కథే బొంబాయి నుంచి ఢిల్లీ చేరినప్పుడు చివరి తీర్పు రాసే పని ఆయనకే పడింది. ఆయనే కోకా సుబ్బారావు. గోలక్‌నాథ్ కేసు తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తిగానే చాలామందికి తెలుసు. కింది కోర్టు తప్పు చేస్తే పైకోర్టు ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు, శిక్షను ఎప్పుడు మార్చొచ్చు అన్న విషయాల్లో ఆయన రాసింది మాత్రం వకీళ్లకు తప్ప జనానికి అంతగా తెలియదు.

రాజమండ్రి నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రీ వకీలే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదువయ్యాక న్యాయశాస్త్రం కోసం మద్రాసు వచ్చారు. ఆ రోజుల్లో తెలుగు కుర్రాడు పెద్ద వకీలు కావాలంటే మద్రాసు రావాల్సిందే. నెల్లూరు, చిత్తూరు మొదలు గంజాం దాకా ఏ కేసు పైకి వెళ్లినా దాని గమ్యం మద్రాసు హైకోర్టే. భూమి తగాదా అయినా, ఖూనీ కేసయినా కక్షిదారు మూట కట్టుకుని మద్రాసు రైలెక్కేవాడు.

సుబ్బారావు తన మామగారు పి.వెంకటరమణారావు ఆఫీసులో చేరారు. మధ్యలో కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా చేసి మళ్లీ వకీలు వృత్తికే వచ్చేశారు. మామగారు హైకోర్టు జడ్జి అయ్యాక బావమరిది పి.వి.రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు సాగించారు. ఆ రాజమన్నారే 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే ఏడాది సుబ్బారావు కూడా జడ్జి అయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. హైకోర్టు మాత్రం వెంటనే రాలేదు. కొత్త కోర్టు ఏర్పాట్లు చూడ్డానికి ప్రత్యేకాధికారిగా సుబ్బారావును గుంటూరు పంపారు. 1954 జులై 5న ఆంధ్ర హైకోర్టు మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోర్టు హైదరాబాద్‌కు మారింది. అక్కడా ఆయనే పెద్ద. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అప్పీలంటే మళ్లీ విచారణ కాదు

అప్పీలు వేస్తే కేసు మొదటినుంచి మళ్లీ నడుస్తుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. సాక్షులను మామూలుగా మళ్లీ పిలవరు. కింది కోర్టులో ఎవరేం చెప్పారో రాసిన కాగితాలు, పత్రాలు, తీర్పు.. ఇవే పైకోర్టు ముందుంటాయి. సాక్షి బోనులో తడబడ్డాడా, కళ్లు దించుకున్నాడా, ధైర్యంగా చెప్పాడా అన్నది చూసింది కింది జడ్జి ఒక్కరే. పైన కూర్చున్నవాళ్లకు కనబడేది అక్షరాలే. అప్పీళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కళ్లతో చూసినాయన మాట వినాలా? కాగితం చెప్పేది వినాలా?

శిక్ష పడినవాడు అప్పీలుకొస్తే సమస్య కొంత తేలిక. అనుమానం మిగిలితే అది ముద్దాయికే పోతుంది. ఉరిశిక్ష అయితే మనిషి అప్పీలు వేయకపోయినా ఫైలు దానంతట అదే హైకోర్టుకు రావాలి. హైకోర్టు ఖాయం చేసేదాకా ఉరి తీయడానికి వీల్లేదు. బ్రిటిష్‌వాళ్ల కాలంనాటి ఈ నియమం 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది.

అసలు తిరకాసు విడుదల చేసేసిన కేసులతోనే. కింది కోర్టు నిర్దోషి అని ఇంటికి పంపేసిన మనిషిని పైకోర్టు దోషిగా తేల్చి జైల్లో పెట్టొచ్చా? ఎప్పుడు పెట్టొచ్చు?

గజిబిజి తీర్చిన తీర్పు

దీనిపై 1934లోనే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ షియో స్వరూప్ కేసులో దారి వేసింది. విడుదల మీద అప్పీలొస్తే సాక్ష్యమంతా తిరిగి తూచే అధికారం హైకోర్టుకు పూర్తిగా ఉందని తేల్చింది. కాకపోతే నాలుగు విషయాలు మనసులో పెట్టుకోవాలంది. సాక్షులను చూసిన కింది జడ్జి అభిప్రాయానికి విలువివ్వాలి. ముద్దాయి నిర్దోషి అన్న భావన విడుదలతో ఏమాత్రం బలహీనపడలేదని గుర్తుంచుకోవాలి. అనుమానం ఉంటే దాని లాభం అతనికే ఇవ్వాలి. కళ్లారా చూసిన జడ్జి తేల్చిన నిజాన్ని తొందరపడి తిరగేయకూడదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో సుప్రీంకోర్టు తీర్పుల్లో కొత్త మాట చేరింది. విడుదలను రద్దు చేయాలంటే గట్టి, బలవంతపు కారణాలు ఉండాలని రాశారు. ఆ మాట పట్టుకుని వకీళ్లు వాదనలు మొదలెట్టేశారు. కొన్ని హైకోర్టులు కూడా చేతులు కట్టేసినట్టే భావించాయి. కింది తీర్పు తప్పని తెలుస్తున్నా, ఆ తప్పు బలవంతపు కారణం కిందికి వస్తుందా రాదా అని జుట్టు పీక్కునే పరిస్థితి వచ్చింది.

1960 డిసెంబరులో సన్వత్ సింగ్ వర్సెస్ రాజస్థాన్ కేసులో ఈ గందరగోళానికి సుబ్బారావు తెర దించారు. ఆయన చెప్పింది సూటిగా ఉంది. ఆ మాటలు పైకోర్టు అధికారాన్ని కుదించడానికి పుట్టలేదు. జాగ్రత్త ఎంత అవసరమో నొక్కి చెప్పడానికి వాడినవి మాత్రమే. సాక్ష్యం అంతా చూడొచ్చు, సొంతంగా నిర్ణయానికి రావొచ్చు. అయితే ప్రీవీ కౌన్సిల్ చెప్పిన జాగ్రత్తలు వదలకూడదు. కింది జడ్జి ఏ కారణాలతో వదిలేశారో వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ఎందుకు నిలవవో తీర్పులో రాయాలి.

అంటే అధికారానికి హద్దు లేదు గానీ, వాడే తీరుకు కట్టుబాటు ఉంది. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నింటినీ వరుసగా క్రోడీకరించినప్పుడు సన్వత్ సింగ్ తీర్పునూ లెక్కలోకి తీసుకుంది.

మూడు గంటలే తేల్చేశాయి

ఏడాది తిరక్కుండానే దేశాన్ని ఊపేసిన కేసు వచ్చింది. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండర్ కె.ఎం.నానావతి తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ అహూజాను కాల్చి చంపారు. తర్వాత తానే వెళ్లి లొంగిపోయారు. జనం ఆయన్ని హీరోను చేసేశారు. పత్రికలు పోటీపడి రాశాయి. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది ఆయన నిర్దోషి అన్నారు.

విచారించిన సెషన్స్ జడ్జికి ఆ నిర్ణయం మింగుడు పడలేదు. సాక్ష్యం ఒకటి చెబుతుంటే జ్యూరీ ఇంకోటి చెప్పిందని భావించి కేసును బొంబాయి హైకోర్టుకు నివేదించారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 307వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చేది. 1960 మార్చిలో హైకోర్టు నానావతిని హత్యానేరం కింద దోషిగా తేల్చి యావజ్జీవం వేసింది. ఆయన సుప్రీంకోర్టుకెళ్లారు.

1961 నవంబరు 24న తీర్పు చెప్పింది సుబ్బారావు. మొదటి ప్రశ్న: జ్యూరీ ఇచ్చిన నిర్ణయాన్ని పైకోర్టు ముట్టుకోవచ్చా? వివేకం ఉన్న ఏ మనుషులైనా ఆ సాక్ష్యం మీద ఆ నిర్ణయానికి రాలేరు అనిపిస్తే ముట్టుకోవచ్చని తేల్చారు. పైగా సెషన్స్ జడ్జి జ్యూరీకి చట్టం వివరించిన తీరులోనే లోపాలున్నాయి. రుజువు చేసే భారం ఎప్పుడు ఎవరి మీద ఉంటుంది, ఏ సాక్ష్యం దేనికి పనికొస్తుంది అన్నవి సరిగా చెప్పకపోతే జ్యూరీ పక్కదారి పడుతుంది. అలాంటప్పుడు సాక్ష్యం మొత్తాన్ని హైకోర్టు తిరిగి చూడొచ్చని స్పష్టం చేశారు.

రెండో ప్రశ్న జనం గుండెల్లో ఉన్నది. భార్య తప్పు ఒప్పుకున్నాక ఏ మగాడికి ఆవేశం రాదు? హఠాత్తుగా రెచ్చిపోయి చేసిన పనికి హత్యానేరం ఎందుకు? సుబ్బారావు ఆవేశాన్ని కొట్టిపారేయలేదు. అదే తరగతి, అదే సమాజానికి చెందిన మామూలు మనిషి అదే పరిస్థితిలో ఉంటే అదుపు తప్పుతాడా అన్నదే కొలత అన్నారు. మాటలు, సైగలు కూడా రెచ్చగొట్టడం కిందికి రావచ్చన్నారు. కానీ దెబ్బ పడే సమయానికి ఆ మంట ఇంకా మండుతూ ఉండాలి. చల్లారేందుకు వ్యవధి దొరికితే ఆ వాదన నిలవదు.

ఆపైన గడియారం చూశారు. భార్య విషయం చెప్పింది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. ఆ తర్వాత నానావతి భార్యాపిల్లలను కారులో తీసుకెళ్లి సినిమా హాలు దగ్గర దించారు. ఓడకు వెళ్లి రివాల్వర్, ఆరు గుళ్లు తీసుకున్నారు. అహూజా ఆఫీసుకెళ్లి, అక్కడ లేడని తెలిసి ఇంటికెళ్లారు. కాల్పులు జరిగింది నాలుగు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో. దాదాపు మూడు గంటలు. ఇంత పని వరుసగా చేసిన మనిషి అదుపు తప్పినవాడు కాదు, ఆలోచించి చేసినవాడే అని తేల్చి అప్పీలు కొట్టేశారు.

రాయపురం కేసులోనూ, బొంబాయి కేసులోనూ కథ ఒకటే. భార్య, భర్త, మూడో మనిషి. ఒకచోట ఏడేళ్లు, ఇంకోచోట యావజ్జీవం. శిక్షల్లో ఇంత తేడా ఎందుకొస్తుందని అడిగేవాళ్లకు నానావతి తీర్పులో కొలబద్ద దొరుకుతుంది. ఎంత ఆవేశం అని కాదు, ఎంతసేపు అని చూడాలన్నది దాని సారం.

నానావతిని 1964లో మహారాష్ట్ర గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ క్షమించి వదిలేశారు. అది గవర్నరు దయ. కోర్టు తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు. ఇక జ్యూరీలు ఈ ఒక్క కేసుతోనే పోయాయని చెబుతుంటారు గానీ, రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వదిలేస్తూ వచ్చాయి. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది.

పదహారేళ్ల కుర్రాడికి జైలెందుకు?

నానావతి కేసు చూసి సుబ్బారావు కఠినుడు అనుకుంటే పొరపాటు. 1964లో రతన్‌లాల్ వర్సెస్ పంజాబ్ కేసు వచ్చింది. ముద్దాయి వయసు పదహారేళ్లు. ఒకరింట్లో చొరబడి చిన్నపిల్లతో అసభ్యంగా ప్రవర్తించాడని మేజిస్ట్రేటు 1962 మేలో ఆర్నెల్ల కఠిన శిక్ష వేశారు. అదే ఏడాది సెప్టెంబరు 1న ఆ ప్రాంతంలో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం అమల్లోకొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లను వీలైనంతవరకు జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద దారిలో పెట్టాలన్నది ఆ చట్టం ఉద్దేశం.

శిక్ష పడిన నాటికి చట్టం లేదు. పై కోర్టుల్లో కేసు నడిచేసరికి వచ్చేసింది. మరి ఆ లాభం కుర్రాడికి దక్కుతుందా? కింది కోర్టు ఆ రోజు తప్పు చేయలేదు కదా అన్నది ఒక వాదన. బెంచిలో ఒక న్యాయమూర్తి అదే అభిప్రాయంతో విభేదించారు. మెజారిటీ తరఫున రాసిన సుబ్బారావు లెక్క వేరు. కొత్త చట్టంతో శిక్ష పెంచడాన్ని రాజ్యాంగం ఒప్పుకోదు. తగ్గించడాన్ని మాత్రం అడ్డుకోదు. మేలు చేసే చట్టాన్ని విశాలంగా చదవాలి. చేసిన పని తీవ్రమైనదే. అయినా ఆ వయసు కుర్రాణ్ని ముదిరిన నేరస్థుల మధ్య పడేయకూడదన్నదే చట్టం ఆశయం. కాబట్టి అప్పీలు కోర్టు కూడా ఆ లాభం ఇవ్వొచ్చన్నారు. తగిన ఉత్తర్వు ఇవ్వమని కేసును హైకోర్టుకు తిప్పి పంపారు. దోషి అన్న తీర్పు అలాగే ఉంది. శిక్ష మాత్రమే మారింది. తప్పు తేల్చడం వేరు, శిక్ష వేయడం వేరు అన్న తేడా ఈ కేసులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అదే ఏడాది బంగారం దొంగరవాణా కేసులో ఆయన ఒంటరిగా నిలబడ్డారు. జ్యూరిచ్ నుంచి మనీలా వెళ్తున్న జర్మన్ ప్రయాణికుడి దగ్గర బొంబాయిలో 34 కిలోల బంగారం దొరికింది. కొత్త నిబంధన గెజిట్‌లో వచ్చి నాలుగు రోజులే అయింది. తెలియదన్నాడు. హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టు మెజారిటీ దోషిగా తేల్చింది. అనుభవించిన జైలుతో సరిపెట్టింది. మనసులో తప్పుడు ఉద్దేశం లేకుండా నేరం ఎలా అవుతుందంటూ సుబ్బారావు విడిగా తీర్పు రాశారు.

మతిస్థిమితం లేదన్న వాదనతో వచ్చిన గుజరాత్ కేసులోనూ అదే ఏడాది కీలకమైన మాట చెప్పారు. పిచ్చి ఉందని ముద్దాయి పూర్తిగా నిరూపించలేకపోయినా, అతను చూపిన ఆధారాలు నేర ఉద్దేశం మీద అనుమానం పుట్టిస్తే చాలు, నేరం రుజువు చేసే భారం చివరిదాకా ప్రాసిక్యూషన్‌దే అన్నారు. ఆ కేసులో ముద్దాయి గెలవలేదు. సూత్రం మాత్రం నిలిచింది. ఇవాళ్టికీ అప్పీళ్లలో వాడుతున్నారు.

ఓడిన తీర్పు.. గెలిచిన మాట

1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు. ఒక పాత దోపిడీ కేసులో ఆధారాల్లేక వదిలేసిన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపులు తట్టేవారు. రాత్రి తనిఖీలు చెల్లవని మెజారిటీ కూడా చెప్పింది. మిగిలిన నిఘాను మాత్రం సమర్థించింది. సుబ్బారావు, జస్టిస్ జె.సి.షా ఒప్పుకోలేదు. నీడలా వెంటాడే నిఘా మధ్య మనిషికి స్వేచ్ఛ ఎక్కడుంటుందన్నది వాళ్ల అభ్యంతరం. వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావు రాశారు. అప్పుడది ఓడిన అభిప్రాయం. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిస్తూ ఆయన మాటనే నిలబెట్టింది.

1966 జూన్ 30న దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు చీలిపోయిన బెంచి తరఫున, ప్రాథమిక హక్కులను పార్లమెంటు హరించలేదని తీర్పిచ్చారు. ఏప్రిల్ 11న పదవి వదిలేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీకి దిగారు. సుప్రీంకోర్టు కుర్చీ దిగీ దిగగానే రాజకీయాల్లోకి రావడం ఏమిటని విమర్శలు గట్టిగానే వచ్చాయి. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్లు, సుబ్బారావుకు 3,63,971 ఓట్లు పడ్డాయి. ఆ తర్వాత పదవుల్లోకి రాలేదు.

1976 మే 6న, ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఎనిమిది రోజుల ముందే, ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టుకెళ్లే హక్కు లేదంటూ జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తీర్పు చెల్లదని కూడా 2017లో పుట్టస్వామి బెంచే ప్రకటించింది.

అప్పీలు వేసేవాళ్లు తెలుసుకోవాల్సినవి

సుబ్బారావు రోజుల నాటి కోడ్ మారింది, దాని తర్వాతదీ మారింది. మూలసూత్రాలు మాత్రం అవే ఉన్నాయి.

* ముద్దాయి ఒక్కడే అప్పీలు వేస్తే, ఆ అప్పీల్లో కోర్టు అతని శిక్ష పెంచకూడదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా కోరాలి, లేదా హైకోర్టు తన రివిజన్ అధికారంతో ముందుగా నోటీసివ్వాలి. ముద్దాయి వాదన వినాలి.

* శిక్ష పెంచమని కోరిన అప్పీలు విచారణలో ముద్దాయి అసలు తాను నిర్దోషినని కూడా వాదించుకోవచ్చు.

* రికార్డులోనో, ఉత్తర్వులోనో చిన్న లోపం ఉన్నంత మాత్రాన తీర్పు కొట్టేయరు. ఆ లోపం వల్ల న్యాయం దెబ్బతిందని చూపించాలి.

* దోషి అని తేల్చాక సెషన్స్ కోర్టు శిక్ష ఎంతన్నదానిపై ముద్దాయి మాట విడిగా వినాలి. 1973 కోడ్‌తో వచ్చిన ఈ పద్ధతి కొత్త సంహితలోనూ ఉంది. వయసు, కుటుంబం, పాత నడవడి చెప్పుకునే చోటు అదే.

* హైకోర్టు విడుదలను రద్దుచేసి ఉరి, యావజ్జీవం లేదా పదేళ్లు, అంతకుమించిన జైలు వేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లడం ముద్దాయి హక్కు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

* వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే అప్పీలు దశలోనూ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు.